తాగి ఎక్కాడా? 1971 నాటి ఒక బ్రెజిల్ ఆల్బం

పోర్చుగీసు నాకు రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ వ్యాసం మొత్తం ఒక పోర్చుగీసు పాటల ఆల్బం గురించి. భాష రాకపోయినా ఒక విషయం మాత్రం కంటికే కనిపించింది. పాట సాహిత్యాన్ని ఫోన్‌లో తెరిచి చూస్తుంటే, ప్రతి పాదంలోనూ చివరి మాట మీద ఒక చిన్న గీత. á, é, í లాంటి అక్షరాల నెత్తిన పెట్టే గీత అన్నమాట. ఒక పాదం కాదు, రెండు కాదు, 41 పాదాలు. స్క్రీన్ కుడి అంచు వెంట పైనుంచి కిందకి ఆ గీతలు వరసగా, గోడలోంచి పైకి వదిలేసిన ఊచల్లా ఉన్నాయి. ఎవరో కావాలని చేస్తే తప్ప అలా రాదు కదా అనిపించి, అక్కణ్ణుంచి తవ్వడం మొదలుపెట్టాను.

పాట పేరు ‘కన్‌స్ట్రుసావ్’. అంటే నిర్మాణం, కట్టడం. ఆల్బం పేరు కూడా అదే. పాడింది, రాసింది షీకూ బుఆర్కి. (స్పెల్లింగ్ చూసి మనం ‘చికో’ అనేస్తాం. వాళ్లు షీకూ అంటారు.) 1944లో రియో డి జనీరోలో పుట్టాడు. వాళ్ల నాన్న సెర్జియో బుఆర్కి జి ఒలాండా బ్రెజిల్‌లో చాలా పేరున్న చరిత్రకారుడు. మనవాళ్లకి నచ్చే విషయం ఇంకొకటి: షీకూ సావ్ పాలో యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదువుతూ మధ్యలో మానేశాడు. 1966లో ‘ఎ బాందా’ అనే పాట ఒక టీవీ పోటీలో మొదటి బహుమతి పంచుకోవడంతో ఇరవై రెండేళ్లకే దేశమంతా తెలిసిపోయాడు. ఆకుపచ్చ కళ్లు, సిగ్గు, చక్కటి సాంబా పాటలు. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో తల్లులకి కూడా నచ్చే కుర్రాడు అన్నట్టు.

తర్వాత కథ మారింది. బ్రెజిల్‌లో 1964 నుంచే సైనిక పాలన. 1968లో షీకూ రాసిన ‘రోదా వీవా’ నాటకం సావ్ పాలోలో ఆడుతుంటే, కమ్యూనిస్టుల వేట అని పేరు పెట్టుకున్న ఒక ముఠా థియేటర్ మీద పడి నటుల్ని కొట్టింది. ఆ డిసెంబర్ 13న ప్రభుత్వం ఐదో సంస్థాగత శాసనం తెచ్చింది. పార్లమెంటు మూసేశారు, రాజకీయ కేసుల్లో హెబియస్ కార్పస్ తీసేశారు. కొద్ది రోజులకే షీకూని ఇంటి నుంచి పట్టుకెళ్లి ప్రశ్నించారు. 1969 జనవరిలో యూరప్‌లో ఏదో సంగీత కార్యక్రమానికని బయల్దేరినవాడు ఇటలీలో ఆగిపోయాడు. మళ్లీ ఇంటికొచ్చింది 1970 మార్చిలో.

వచ్చాక ఏం చేశాడో చూడండి. ‘అపెజార్ జి వొసే’ అని ఒక పాట రాసి సెన్సార్‌కి పంపాడు. ‘నువ్వు ఉన్నా సరే’ అని అర్థం. పైకి చూస్తే విడిపోయిన ప్రేయసి మీద అలక. సెన్సార్ వాళ్లు పాస్ చేసేశారు. రికార్డు లక్ష దాకా అమ్ముడుపోయాక గానీ వాళ్లకి వెలగలేదు, జనం పాడుకుంటున్న ఆ ‘నువ్వు’ దేశాధ్యక్షుడు జనరల్ మేదిసి అని. నిషేధించారు, ఉన్న రికార్డులు ధ్వంసం చేశారు. ఎవరయ్యా ఆ ‘నువ్వు’ అని విచారణలో అడిగితే, బాగా పెత్తనం చేసే ఒకావిడ అన్నాడట. ఈ కథ బ్రెజిల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలా సెన్సార్ వాళ్లు భూతద్దం పట్టుకుని కూర్చున్న సమయంలో, 1971లో, ఫిలిప్స్ కంపెనీ నుంచి వచ్చింది ఈ ఆల్బం. పది పాటలు, మొత్తం అరగంట పైచిలుకు. మన మొదటి మిడ్ కంటే తక్కువ సమయం.

పది పాటల గురించీ ఒకే కొలతలో రాయను. నాకు అన్నీ ఒకే మోతాదులో నచ్చలేదు కూడా. ‘ఓల్య మరియా’ టామ్ జొబిం కట్టిన బాణీ, అందంగా ఉంటుంది, కానీ ఈ ఆల్బంలో అతిథిలా అనిపిస్తుంది. ‘మీన్య ఇస్తోరియా’ ఇటలీ గాయకుడు లూచియో దల్లా పాటకి పోర్చుగీసు రూపం. తమాషా ఏంటంటే ఆ ఇటాలియన్ పాట కూడా సెన్సార్ దెబ్బ తిన్నదే. సన్రేమో ఉత్సవంలో పాడాలంటే పేరూ, కొన్ని మాటలూ మార్చమన్నారు. ‘సాంబా జి ఓర్లీ’ ప్రవాసం పాట. పారిస్ విమానాశ్రయం పేరు అది. అందులో వినీసియస్ జి మొరాయిస్ కలిపిన ఒక మాటని సెన్సార్ తీయించింది. ఇక ‘కొచిజియానో’. రోజూ పొద్దున్న ఆరింటికి భార్య లేపడం దగ్గర్నుంచి రాత్రి దాకా అదే మాట, అదే ముద్దు, అదే రుచి. బాణీ కూడా గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతుంది. దానికి జవాబులా రెండో వైపు ‘వల్సీన్య’ ఉంది. ఒకరోజు మొగుడు ఎప్పుడూ లేనట్టు ఇంటికొచ్చి, భార్యని బయటికి డాన్స్‌కి పిలుస్తాడు. రెండూ వెంటవెంటనే వినండి.

ఇప్పుడు అసలు పాట.

కథ చెప్పుకోవడానికి చాలా చిన్నది. భవనం కట్టే కూలీ ఒకడు. పొద్దున్న భార్యని ముద్దు పెట్టుకుని, పిల్లల్ని ముద్దు చేసి, రోడ్డు దాటి పనికి వెళ్తాడు. పైకెక్కి గోడలు కడతాడు. మధ్యాహ్నం కూర్చుని చిక్కుడుగింజల కూరా అన్నమూ తింటాడు. అక్కడ అది మన పప్పన్నం లాంటిది, రోజువారీ తిండి. తాగుతాడు, ఎక్కిళ్లు పెడతాడు, గంతులేసి నవ్వుతాడు. పడిపోతాడు. నడిరోడ్డున చచ్చిపోతాడు, అది కూడా రాంగ్ రూట్‌లో, ట్రాఫిక్‌కి అడ్డంగా. చావులో కూడా ఒక రూల్ తప్పాడన్నట్టు.

ఈ కథని పాట మూడుసార్లు చెబుతుంది. మొదటిసారి 17 పాదాలు, రెండోసారి 17, మూడోసారి 7. క్రియలు మారవు. ప్రేమించాడు, ముద్దు పెట్టాడు, ఎక్కాడు, కట్టాడు, కూర్చున్నాడు, పడ్డాడు, పోయాడు. మారేది ప్రతి పాదం చివరి మాట ఒక్కటే. ఒక పాదం చివర ఉన్న మాట ఇంకో పాదానికి వెళ్లి కూర్చుంటుంది. మధ్యలో కొన్ని కొత్త మాటలు కూడా వచ్చి చేరతాయి.

ఆ చివరి మాటల సంగతి కొంచెం ఓపికగా చూద్దాం. పోర్చుగీసులో ఎక్కువ మాటలకి నొక్కు చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. చివరి నుంచి మూడో అక్షరం మీద నొక్కు పడే మాటలు తక్కువ. అలాంటి ప్రతి మాటకీ రాతలో ఆ గీత పెట్టి తీరాలని వాళ్ల వ్యాకరణ నియమం. నాకు కనిపించిన గీతల రహస్యం అదే. షీకూ 41 పాదాల్నీ అలాంటి మాటలతోనే ముగించాడు: మాకినా (యంత్రం), పాసరు (పక్షి), ప్రీన్సిపి (రాజకుమారుడు), బేబదు (తాగుబోతు), సాబదు (శనివారం), ట్రాఫెగు (ట్రాఫిక్).

మన ఛందస్సు తెలిసినవాళ్లకి ఒక దగ్గరి దారి చెబుతాను. ‘మానస’, ‘రాముడు’ అనండి. ఒక గురువు, రెండు లఘువులు. భగణం. పాట మొత్తం భగణం మీద ఆగుతుందని ఊహించుకోండి. (నొక్కూ, గురువూ ఒకటి కాదు, ఛందస్సు మాస్టారు చదివితే నన్ను తిడతారు. కానీ చెవికి తగిలే ఊపు అదే.) పాదం లెక్క కూడా బాగుంటుంది. వాళ్లు చివరి నొక్కు వరకే అక్షరాలు లెక్కపెడతారు. ఆ లెక్కన ఇవి 12 అక్షరాల పాదాలు, ఆరో అక్షరం దగ్గర ఒక ఊతం. నొక్కు తర్వాత మిగిలిన రెండు అక్షరాలు లెక్కలోకి రావు, కానీ నోటికి వస్తాయి. అంటే ప్రతి పాదమూ లెక్క పూర్తయ్యాక ఇంకో రెండు మెట్లు కిందకి జారుతుంది. పడిపోయే మనిషి పాటలో ప్రతి పాదమూ చివర జారిపోతుంటే ఎలా ఉంటుందో వింటేనే తెలుస్తుంది. అంత్యప్రాస అంటూ ఏమీ లేదు. ప్రాస చేయాల్సిన పనంతా ఆ జారుడే చేస్తుంది.

మాటలు చోటు మారినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అతను కట్టిన నాలుగు గోడలు మొదటిసారి గట్టివి. రెండోసారి మాయవి. మూడోసారి మెత్తబడి వేలాడేవి. సివిల్ వాళ్లకి ఇంతకంటే భయంకరమైన వరుస ఇంకొకటి ఉండదేమో. మొదటిసారి కళ్ల నిండా సిమెంటూ కన్నీళ్లూ ఉంటే, రెండోసారి సిమెంటూ ట్రాఫిక్కూ. కింద పడ్డ శరీరం మొదట నీరసంగా కుప్పబడ్డ మూట, తర్వాత బెరుకైన మూట, ఆఖరున తాగిన మూట. అతని చావు అడ్డొచ్చింది దేనికి? మొదట ట్రాఫిక్‌కి. తర్వాత జనానికి. చివరికి శనివారానికి.

సింపుల్‌గా చూస్తే ఇది పర్ముటేషన్ లెక్క. షీకూయే తర్వాత ఒక ఇంటర్వ్యూలో దాదాపు ఇలాగే అన్నాడు. అది రూపంతో చేసిన ప్రయోగమనీ, ఇటుకలాట లాంటిదనీ, కూలీల సమస్య గురించి రాయాలని కూర్చోలేదనీ. కవి తన పాట గురించి చెప్పిన మాటని కాదనడానికి నేనెవణ్ణి. కానీ ఇక్కడ మాత్రం కాదంటాను.

‘తాగుబోతు’ అన్న మాట ప్రయాణాన్ని గమనించండి. మొదటిసారి చెప్పినప్పుడు ఆ మాట పడిపోయే క్షణంలో వస్తుంది. ఆకాశంలో తడబడ్డాడు, తాగినవాడిలా. అది పోలిక మాత్రమే. భోజనం దగ్గర తాగాడని ఉంది కానీ ఏం తాగాడో పాట చెప్పదు. పొద్దున్న రోడ్డు దాటినప్పుడు అతనివి బెరుకు అడుగులు. రెండోసారి చెప్పేటప్పటికి అదే రోడ్డు మీద అడుగులు తాగినవాడి అడుగులు అయిపోయాయి. అంటే ఇంకా పని మొదలవకముందే! మూడోసారికి నేల మీద శవమే తాగి ఉంది. జరిగింది ఒకటే. చెప్పేవాళ్లు మారారు. సైట్‌లో ఎవరైనా పడితే సాయంత్రానికి మాట ఎలా తిరుగుతుందో మనకి తెలీదా? మొదట ‘అయ్యో, జారాడంట’. తర్వాత ‘కొంచెం వేసుకున్నాడంట’. మర్నాటికి ‘తాగి ఎక్కాడు, ఎవరేం చేస్తారు’. ఇటుకలాట అనుకుని మొదలుపెట్టినా, ఆ ఇటుకల మధ్య ఈ సంగతి వచ్చి కూర్చుంది.

మూడోసారి ఏడు పాదాలే అన్నాను కదా. పోయిన పాదాలేమిటో వెతికాను. పిల్లలు లేరు. రోడ్డు దాటడం లేదు. అన్నం లేదు, నవ్వు లేదు. జిల్లా ఎడిషన్లో మూలన నాలుగు లైన్ల వార్త అయిపోయాడు.

పాట ఏ రోజుల్లోదో కూడా చెప్పుకోవాలి. 1968 నుంచి 1973 వరకూ బ్రెజిల్ ఆర్థిక వ్యవస్థ ఏటా సుమారు 10 శాతం పెరిగింది. ‘బ్రెజిల్ అద్భుతం’ అనేవారు. అమెజాన్ అడవి మీదుగా హైవే, రియో నుంచి నితెరోయ్‌కి సముద్రపు ఖాతం మీద 13 కిలోమీటర్ల వంతెన, నగరాల్లో ఎక్కడ చూసినా టవర్లు. దేశాన్ని ప్రేమించు, లేదా వదిలిపో అని కార్ల మీద స్టిక్కర్లు. కరువు ప్రాంతమైన ఈశాన్యం నుంచి బస్సులెక్కి వచ్చిన మనుషులు ఈ కాంక్రీటంతా మోశారు.

ఆల్బం వచ్చిన ఏడాదే ఒక ఘటన జరిగింది. పాట దాని గురించి రాసిందని నేను అనడం లేదు, కానీ చెప్పకుండా ఉండలేను. 1971 ఫిబ్రవరి 4న బెలో హొరిజొంచి నగరంలో గామెలేరా అనే చోట కడుతున్న పెద్ద ప్రదర్శనశాల కూలిపోయింది. అరవై మందికి పైగా పనివాళ్లు చనిపోయారు. కాంక్రీటు కింద ఊతంగా పెట్టిన సపోర్టులు తీస్తున్న దశలో కూలింది. డిజైన్ ఆస్కార్ నీమయెర్‌ది. స్ట్రక్చరల్ లెక్కలు జొవకీం కార్దోజోవి. ఈ కార్దోజో మామూలు ఇంజనీర్ కాదు. బ్రసీలియా కెథడ్రల్, పార్లమెంటు భవనాలు నిలబడింది ఆయన లెక్కల మీదే. అంతే కాదు, ఆయన కవి. బ్రెజిల్ ఆధునిక కవిత్వంలో పేరు చెప్పుకునే కవి. కేసు ఆయన మెడకి చుట్టుకుంది. డెబ్బై దాటిన వయసులో కోర్టు శిక్ష వేసింది, తర్వాత అప్పీలులో నిర్దోషిగా బయటపడ్డాడు. 1978లో చనిపోయాడు. ఇంజనీరింగ్ కాలేజీలో కవిత్వం రాసుకునే మనలాంటి వాళ్లం కార్దోజో పేరు ఎందుకు వినలేదా అని నాకు చాలా రోజులు అనిపించింది.

సంగీతం గురించి రెండు ముక్కలు. ఆర్కెస్ట్రా అమర్చింది రొజేరియో దుప్రా. అంతకు మూడేళ్ల ముందు కాయెతాను వెలోజు, జిల్బెర్తు జిల్‌లతో కలిసి ట్రొపికాలియా ఉద్యమం పాటలకి పిచ్చిపిచ్చి ఆర్కెస్ట్రాలు కట్టినవాడు. షీకూ ఆ గుంపు మనిషి కాదు, పాతకాలం సాంబా పద్ధతివాడని పేరు. అందుకే ఈ జంట ఎవరూ ఊహించనిది. పాట గిటార్‌తో, మామూలు లయతో, దాదాపు చప్పగా మొదలవుతుంది. షీకూ గొంతులో ఏ భావమూ పెట్టడు, రిజిస్టర్‌లో పేర్లు చదువుతున్నట్టు పాడతాడు. రెండో చుట్టులో ఎంపీబీ-4 బృందం గొంతులు కలుస్తాయి, ఇత్తడి వాయిద్యాలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న హారన్లలా అడ్డదిడ్డంగా మోగుతాయి. బాణీ మాత్రం మారదు. చుట్టూ అంతస్తు మీద అంతస్తు లేస్తుంటుంది, కింద అదే బాణీ, అదే నడక. మొదటిసారి విన్నప్పుడు ‘ఏంటిది, ఎక్కడికీ వెళ్లట్లేదు’ అనుకుని ఆపేశాను. తప్పు నాదే. ఆరు నిమిషాల పైచిలుకు పాట ఇది, మూడో నిమిషంలో ఆపేస్తే ఏమీ విననట్టే.

దీనికి తర్వాత దక్కిన గౌరవాలకి లోటు లేదు. 2009లో రోలింగ్ స్టోన్ పత్రిక బ్రెజిల్ ఎడిషన్ వేసిన వంద గొప్ప బ్రెజిల్ పాటల జాబితాలో దీనికి మొదటి స్థానం. 2016 రియో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో, నగరం కట్టడాన్ని చూపించే ఘట్టంలో ఇదే బాణీ వాయించారు. బిల్డింగుల మీద కుర్రాళ్లు గెంతుతుంటే చూడ్డానికి భలే ఉంది. మాటలు లేవు, బాణీ ఒక్కటే. కూలి పడిపోయినవాడి బాణీతో స్టేడియం చప్పట్లు కొడుతుంటే నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది, మీకేమనిపిస్తుందో చూసి చెప్పండి. 2019లో షీకూకి పోర్చుగీసు సాహిత్యంలో అతి పెద్దదైన కమోయిస్ బహుమతి ఇచ్చారు. అప్పటి అధ్యక్షుడు సంతకం పెట్టనన్నాడు. బహుమతి చేతికి అందింది 2023లో.

ఒక సంగతి చివరికి దాచాను. ఆల్బంలో మొదటి పాట ‘దేవుస్ లి పాగి’. అడుక్కునేవాళ్లు, పేదవాళ్లు ఎవరైనా ఏదైనా ఇస్తే అనే మాట అది. ‘దేవుడే నీ బాకీ తీర్చాలి’ అని మక్కికి మక్కి అర్థం, మన ‘నీ కడుపు చల్లగుండ’ లాంటిది. పాటంతా థాంక్స్ చెప్పడమే. తినడానికి రొట్టెకి, పడుకోవడానికి నేలకి, పుట్టడానికి ఇచ్చిన సర్టిఫికెట్‌కి, ఊపిరి పీల్చుకోనిచ్చినందుకు. ఎవరికి థాంక్స్ చెబుతున్నాడో ఆ పేరు ఎక్కడా రాదు, సెన్సార్ ఏం కొట్టేస్తుంది? కోపం అంతా మర్యాదలోనే ఉంది.

నాలుగో పాటగా వచ్చే ‘కన్‌స్ట్రుసావ్’లో మూడో చుట్టు అయ్యి, శనివారానికి అడ్డం పడి ఆ మనిషి చచ్చిపోయాక, పాట ఆగదు. ఆర్కెస్ట్రా గొంతు ఆపకుండానే ఆ మొదటి పాట తిరిగొస్తుంది. ఈసారి కోరస్‌తో. మళ్లీ అవే థాంక్స్‌లు. వాటిలో ఊరికే పోసిన సారాకి ఒకటి ఉంది, వద్దన్నా మింగక తప్పని సారా అని. దాని తర్వాత పొగకి. ఆ వెంటనే, ఊగే పరంజాలకి, అక్కణ్ణుంచి పడక తప్పదు కాబట్టి. ఏడ్వడానికి వచ్చిన ఆడమనిషికి, మీద వాలే ఈగలకి కూడా చెప్పాక పాట ముగుస్తుంది. తాగి ఎక్కాడా అని అడిగేవాళ్లు ఆ సారా ఎవరు పోశారన్న ముక్క దగ్గర వాల్యూమ్ కొంచెం పెంచుకోండి.